ప్రతి రూటుకూ ఒక తేదీ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు తెర మీద చూపిన దృశ్యాలను ఇక్కడ మాటల్లో చెప్పాను.)

 

నిర్వాహకులు నాకు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి గదా, కృత్రిమ మేధ మీద పావుగంట మాట్లాడు" అన్నారు. ఆ విషయం మీద మాట్లాడగలిగిన వాళ్లు ఈ హాల్లోనే నలభై మంది ఉన్నారు. ఖాజాగూడ నుంచి ఏ దిక్కుకు చూసినా వాళ్ల ఆఫీసులే కనపడతాయి. నాకు నిజంగా తెలిసింది ఇంకొకటి ఉంది, అది చెప్పనివ్వండి అని బతిమాలుకున్నాను. అదే రైళ్ల సంగతి. అందులోనూ కంప్యూటర్‌లో నడిచే రైళ్లు.

నవ్వండి, పర్వాలేదు. యాభై అయిదేళ్లు దాటిన మనిషి రాత్రి భోంచేసి, గది తలుపు దగ్గరగా వేసుకుని, తెర ముందు కూర్చుని రైలు నడుపుతాడు. మా ఇంట్లో దీన్ని "నాన్న డ్యూటీ ఎక్కాడు" అంటారు. ఒకసారి మా అమ్మాయి, "నాన్నా, ఇందులో గెలిచేది ఎట్లా?" అని అడిగింది. గెలవడం ఉండదమ్మా అన్నాను. స్టేషన్‌కు టైముకు రావాలి, సిగ్నల్ దాటకూడదు, బండి కుదుపు లేకుండా ఆగాలి. అంతే. మరి ఎందుకు ఆడుతున్నావ్ అంది. దానికి జవాబు నాకూ చాలా కాలం దొరకలేదు. ఈ మధ్య దొరికింది. దొరికింది మన బడి వల్లే కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ముందు తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ అనే ప్రోగ్రాం వచ్చింది. అందులో ఆరు రూట్లు ఉండేవి: అమెరికావి రెండు, జపాన్‌వి రెండు, ఇంగ్లండ్‌ది ఒకటి, ఆస్ట్రియాది ఒకటి. మనది లేదు. కానీ దానితో పాటు రూటు తయారు చేసుకునే ఎడిటర్ కూడా ఇచ్చారు. అదే దాని ప్రాణం. ప్రపంచంలో ఎవరికి తమ ఊరి రైలు కావాలంటే వాళ్లు కట్టుకోవచ్చు. మన దేశంలో కూడా ఎంతో మంది ఖాళీ సమయాల్లో కూర్చుని ఇంజన్లు, పెట్టెలు, స్టేషన్లు గీసి ఊరికే పంచిపెట్టారు. మైక్రోసాఫ్ట్ ఆ ప్రోగ్రాంను తర్వాత వదిలేసింది. స్వచ్ఛందంగా పనిచేసే కొందరు ఓపెన్ రైల్స్ అని ఇంకొకటి రాశారు. పాత రూట్లన్నీ అందులో నడుస్తాయి, డబ్బు కట్టనక్కర్లేదు. నేను వాడేది అదే.

రూటు కట్టడం అంటే ముందు నేల పరచాలి. నేలను చదరాలుగా విడగొడతారు, ఒక్కో చదరం 2048 మీటర్లు. అందులో ప్రతి 8 మీటర్లకూ ఎత్తు ఎంతో చెప్పాలి. తర్వాత దాని మీద పట్టాలు, పట్టాల పక్కన కట్ట, కల్వర్టు, సిగ్నల్, స్టేషన్, చెట్టు, గేదె. గంటసేపు నడిచే రూటుకు నాకు రెండేళ్లు పడుతుంది. ఆఫీసు పని ఇంత శ్రద్ధగా చేసి ఉంటే ఇంకో ప్రమోషన్ వచ్చేదని మా ఆవిడ లెక్క.

ఇప్పుడు మొదటి దృశ్యం చూడండి. ఇది కొత్తవలస నుంచి అరకు వెళ్లే దారి. మీలో చాలా మంది విశాఖ వెళ్లినప్పుడు ఈ రైలు ఎక్కే ఉంటారు. 2017 నుంచి అద్దాల పైకప్పు పెట్టె కూడా తగిలిస్తున్నారు. మనం పర్యాటకుల రైలు అనుకుంటాం కానీ, ఆ లైను వేసింది ఇనుప ఖనిజం కోసం. బైలదిల్లా గనుల నుంచి విశాఖ రేవుకు ఖనిజం తెచ్చి జపాన్‌కు పంపడానికి 1960లలో కట్టారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్లు. శివలింగపురం దాటాక కొండ ఎక్కడం మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, ఆ పైన శిమిలిగుడ. శిమిలిగుడ ఎత్తు 996 మీటర్లు. బ్రాడ్‌గేజ్‌లో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ అని చాలా కాలం దానికి పేరు. ఆ ఘాట్ కోసమే 1988లో జపాన్ నుంచి హిటాచి ఇంజన్లు తెప్పించారు.

నేను కట్టిన మొదటి రూటు ఇదే. ఘాట్‌లో 60 మీటర్లు ముందుకు వెళితే ఒక మీటరు పైకి ఎక్కుతుంది. శాతంలో 1.67. నేను వాడిన ఒక పట్టికలో వాలును శాతంలో రాసుకున్నాను. ఎడిటర్ అడిగింది వెయ్యికి ఎంత అని. అక్కడ 16.7 అని కొట్టాలి. నేను 1.67 కొట్టాను. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది, పాతికేళ్ల సర్వీసు ఉంది, దశాంశం పక్కకు జరిగింది. ఆరు కిలోమీటర్లు వెళ్లేసరికి రైలు 100 మీటర్లు పైకి ఎక్కాల్సింది పది మీటర్లే ఎక్కింది. అది కొండ ఎక్కలేదు, కొండలోకి దూరింది. సొరంగం లేని చోట పచ్చని గడ్డి కింద నుంచి రైలు వెళుతోంది. నాలుగు నెలల పని. మా అమ్మాయి మాత్రం "బాగుంది నాన్నా, బొర్రా గుహలు నువ్వే తవ్వావు" అంది.

సరిచేసి, నడిపి, తృప్తిపడి, తోటి అభిరుచి ఉన్న వాళ్లకు పంపాను. నెల రోజులకు ఒక పెద్దాయన దగ్గర నుంచి జవాబు వచ్చింది. రైల్వేలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి. పొగడ్త రెండు ముక్కలు, ఆ తర్వాత పాఠం. "మీరు మలుపుల్లో కూడా నేరుగా ఉన్న చోట ఇచ్చిన వాలే ఇచ్చారు. మలుపు కూడా బండిని వెనక్కి లాగుతుందండీ. అందుకని ఒక్కో డిగ్రీ మలుపుకు 0.04 శాతం చొప్పున వాలు తగ్గించి కడతాం" అని రాశారు. లెక్క వేసి చూశాను. 8 డిగ్రీల మలుపు అంటే వ్యాసార్ధం సుమారు 219 మీటర్లు. అక్కడ 0.32 శాతం తగ్గాలి. 1.67లో 0.32 పోతే 1.35. అంటే ఆ మలుపులో 60కి ఒకటి ఉండాల్సిన వాలు 74కు ఒకటి అవుతుంది. దాన్ని సరిచేశాక నా గూడ్సు బండి మలుపుల దగ్గర ఆయాసపడటం మానేసింది. తప్పు ఇంజన్‌లో ఉందని నేను అప్పటిదాకా ఇంజన్ బలం పెంచుకుంటూ పోయాను.

అప్పుడు నాకు అర్థమైన సంగతి: రూటును మన దగ్గరే దాచుకుంటే అది తప్పుగానే ఉండిపోతుంది. పది మందికి ఇస్తేనే, ఎక్కడో ఆ పని చేతులతో చేసిన ఒక మనిషి దాన్ని చూసి, ఇది ఇట్లా ఉండదు నాయనా అని చెబుతాడు.

రెండో దృశ్యం. ఇది ఎక్కడో గుర్తుపట్టండి. ఎవరూ గుర్తుపట్టలేదు కదా. ఇది ఖాజాగూడ.

మనకు దగ్గరి రైలు పట్టా ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా లింగంపల్లి, సికింద్రాబాదు లైను కడుతున్నప్పుడు, ఎలాగూ నేల పరుస్తున్నాం కదా, మన ఊరు కూడా వచ్చేలా పరుద్దాం అనిపించింది. నేల ఎత్తుల కోసం నేను వాడింది 2000 ఫిబ్రవరి నాటి కొలత. ఆ నెల అమెరికా వాళ్ల ఎండెవర్ అనే వ్యోమనౌక 11 రోజుల పాటు భూమి చుట్టూ తిరుగుతూ, రాడార్‌తో మొత్తం నేలలో 80 శాతం దాకా ఎత్తులు కొలిచింది. ఆ కొలతలు అందరికీ ఉచితం. ఆ నేల మీద ఏముందో చూడటానికి వాడింది ఇప్పటి ఉపగ్రహ చిత్రం. రెండూ ఒకదాని మీద ఒకటి పరిచాను. అపార్ట్‌మెంట్లు గుట్టల మీద వంకరగా నిలబడ్డాయి. రోడ్డు బండ మీదుగా ఎక్కి దిగుతోంది. రాయదుర్గం దగ్గర మెట్రో పట్టా గుట్టకు గుద్దుకుంది.

ఎక్కడ తప్పు చేశానా అని వారం రోజులు వెతికాను. తప్పేమీ లేదు. 2000 ఫిబ్రవరిలో ఆ గుట్టలు ఉన్నాయి. సైబర్ టవర్స్ 1998 నవంబర్‌లో మొదలయింది, కానీ మన వైపు ఇంకా బండలే. రాయదుర్గానికి మెట్రో వచ్చింది 2019 నవంబర్‌లో. ఈ మధ్యకాలంలో ఆ గుట్టల్లో కొన్ని పోయాయి. వ్యోమనౌక వాటిని పోకముందు కొలిచింది. నా తెర మీద రెండు కాలాలు ఒకే చోట నిలబడి గొడవ పడుతున్నాయి.

ఈ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. వాటిలో కొన్ని మన ఇరవై ఏళ్ల సర్వీసులో మాయమయ్యాయి. ఫక్రుద్దీన్ గుట్ట ఇప్పటికీ ఉంది కాబట్టి బతికిపోయాం. అక్కడికి పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లు ఈ హాల్లో చాలా మందే ఉన్నారు. నేను దీని మీద ఉపన్యాసం ఇవ్వను. నేనూ ఆ అపార్ట్‌మెంట్లలో ఒకదాంట్లోనే ఉంటున్నాను. ఒక్క విషయం మాత్రం ఆ రోజు నోటుబుక్కులో రాసుకున్నాను: ప్రతి రూటుకూ ఒక తేదీ ఉండాలి. ఏ ఏడాది నాటి నేలో, ఏ ఏడాది నాటి పట్టాలో ముందే నిర్ణయించుకోకపోతే అది ఏ కాలానికీ చెందదు.

అప్పుడు నాకు తట్టిన తేదీ 1984 జనవరి.

అది నా తొమ్మిదో తరగతి. సంక్రాంతి సెలవులు అయిపోయాక లెక్కల సార్ మమ్మల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లారు. ఊళ్లో ఒకాయన ట్రాక్టర్ ఇస్తే ట్రాలీలో కూర్చుని లింగంపల్లి వెళ్లాం. అక్కడి నుంచి నాంపల్లికి ప్యాసింజర్. మాలో సగం మంది రైలు ఎక్కడం అదే మొదటిసారి. రాత్రిపూట గాలి ఇటు తిరిగితే మా ఇంటి అరుగు మీదికి రైలు కూత వినపడేది, కానీ రైలును అంత దగ్గరగా చూడలేదు. ఇటుక రంగు పెట్టెలు, చెక్క సీట్లు, ముందు డీజిల్ ఇంజన్.

రైలు కదలగానే సార్ చేతి గడియారం విప్పి పట్టుకున్నారు. "కళ్లు మూసుకోండి. చప్పుడు వినండి. నేను మొదలు అన్నప్పటి నుంచి ఆపండి అనే దాకా పట్టాల టక్కుటక్కులు లెక్కబెట్టండి" అన్నారు. లెక్కబెట్టాం. ఒకడు నలభై ఒకటి అన్నాడు, ఒకడు నలభై అన్నాడు, వెనకాల నుంచి ఒకడు తొంభై అన్నాడు. వాడు ముందు చక్రం, వెనక చక్రం విడివిడిగా లెక్కబెట్టాడు. "రైలు గంటకు నలభై కిలోమీటర్ల మీద పోతోంది" అన్నారు సార్. మాకు మంత్రం లాగా ఉంది.

మరుసటి రోజు క్లాసులో దాన్ని విప్పి చెప్పారు. మన బ్రాడ్‌గేజ్ పట్టా ముక్క పొడవు 13 మీటర్లు. ప్రతి అతుకు దగ్గర ఒక టక్కు. ఒక్క టక్కు అంటే 13 మీటర్లు ప్రయాణం. సెకన్లను గంటలకు, మీటర్లను కిలోమీటర్లకు మార్చితే, 13ను 3.6తో గుణించాలి: 46.8. అంటే 47 సెకన్లలో ఎన్ని టక్కులు వినపడితే గంటకు దాదాపు అన్ని కిలోమీటర్లు. ఆ రోజు నేను లెక్కలు అంటే భయపడటం మానేశాను. ఇంజనీరు అయింది ఆ లెక్క వల్లనే అంటే అతిశయోక్తి కావచ్చు, కానీ అబద్ధం మాత్రం కాదు.

మూడో దృశ్యం ఆ ప్రయాణమే. లింగంపల్లి నుంచి హఫీజ్‌పేట, సనత్‌నగర్, బేగంపేట, ఖైరతాబాద్, నాంపల్లి. సొంతంగా తయారు చేసి గర్వంగా మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టాను. అయిదు నిమిషాల్లో మొదలయింది. "అరేయ్, పైన కరెంటు తీగలు ఏందిరా? అప్పుడు తీగలు యాడున్నయ్?" అని ఒకడు. నిజమే. ఈ లైనుకు కరెంటు వచ్చింది ఎంఎంటీఎస్ కోసం, ఎంఎంటీఎస్ మొదలయింది 2003 ఆగస్టులో. నేను అలవాటు కొద్దీ స్తంభాలు పాతేశాను. "హైటెక్ సిటీ స్టేషన్ కూడా పెట్టినవ్. అప్పటికి హైటెక్ సిటీ అనే మాటే పుట్టలేదు" అని ఇంకొకడు. అదీ నిజమే. రెండు వారాలు కూర్చుని దారి పొడవునా స్తంభాలు పీకాను. నిజం రైల్వేలో ఎవరూ ఇంత వేగంగా విద్యుదీకరణ రద్దు చేసి ఉండరు.

తర్వాత సార్ ఇంటికి వెళ్లాను. సార్ ఇక్కడే వేదిక మీద ఉన్నారు, వారి అనుమతి తీసుకునే చెబుతున్నాను. సార్‌కు ఇప్పుడు చూపు బాగా తగ్గింది. ల్యాప్‌టాప్ పెట్టి, "సార్, మన 1984 రైలు" అన్నాను. తెర వైపు కొంచెంసేపు చూశారు. "నాకు రంగులు కనపడుతున్నాయి గానీ రైలు కనపడటం లేదురా. చప్పుడు పెంచు" అన్నారు. పెంచాను. కళ్లు మూసుకున్నారు. గోడ గడియారం వైపు చెయ్యి చూపించి, 47 సెకన్లు అయ్యాక చెప్పు అన్నారు. నా గుండె తొమ్మిదో తరగతిలో కొట్టుకున్నట్టే కొట్టుకుంది.

"ఆపు. నలభై మూడు. నీ మీటరు ఎంత చూపిస్తోంది?"

"అరవై సార్."

"అయితే పట్టా పొడవు తప్పు. ఎంతో లెక్క చెయ్యి."

అక్కడే కాగితం మీద చేశాను. 13ను 60తో గుణించి 43తో భాగించాలి. పద్దెనిమిది మీటర్ల చిల్లర.

"మన దగ్గర పద్దెనిమిది మీటర్ల పట్టా ఎక్కడుందిరా? ఇది ఎవరి చప్పుడు?"

ఇక్కడ నేను తల దించుకోవాల్సి వచ్చింది. ఆ శబ్దం నాది కాదు. ఇంగ్లండ్‌లో ఒకాయన తన రూటు కోసం రికార్డు చేసి పెట్టింది. వాళ్ల పాత పట్టా పొడవు 60 అడుగులు, అంటే 18.29 మీటర్లు. లెక్క సరిగ్గా సరిపోయింది. నేను ఆ ఫైలు తీసుకుని నా రూటులో పెట్టుకున్నాను. ఆయన్ని అడగలేదు, ఆయన పేరూ రాయలేదు. ఇవ్వాళా రేపూ అందరూ చేసేదే కదా అనుకున్నాను. చూపు సరిగ్గా లేని ఎనభై ఏళ్లు దాటిన మా సార్ 47 సెకన్లలో నా కాపీ పట్టుకున్నారు.

సార్ కోప్పడలేదు. "పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసినప్పుడు కూడా నువ్వు వాడి తప్పులతో సహా రాశావు, గుర్తుందా?" అన్నారు. గుర్తుంది. ఆ పక్కవాడు ఇవాళ మూడో వరుసలో కూర్చున్నాడు.

ఆ రాత్రే ఇంగ్లండ్ ఆయనకు ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. క్షమించమన్నాను, వాడుకోవడానికి అనుమతి ఇస్తారా అని అడిగాను, 13 మీటర్లకు తగినట్టు అతుకుల దూరం మార్చుకోవచ్చా అని కూడా అడిగాను. రెండో రోజే జవాబు. అనుమతి ఇచ్చారు, పేరు రాయమన్నారు. కాపీ సంగతి మీద ఒక్క వాక్యమే రాశారు, కానీ సార్ లెక్క మీద పేజీ రాశారు. వాళ్లకూ అలాంటి లెక్క ఉందట: 60 అడుగుల పట్టా మీద 41 సెకన్లు లెక్కబెడితే గంటకు ఎన్ని మైళ్లో వస్తుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న నేర్పారట. నేను లెక్క వేసి చూసుకున్నాను, కరెక్టే. వేల మైళ్ల అవతల ఇంకో రైలు పెట్టెలో ఇంకెవరో పెద్దాయన గడియారం విప్పి పట్టుకున్నారన్నమాట.

ఇందాక మా అమ్మాయి ప్రశ్న చెప్పాను కదా, గెలవడం లేనిది ఎందుకు ఆడుతున్నావని. జవాబు ఇదే. ఇప్పుడు లింగంపల్లిలో రైలు ఎక్కి కళ్లు మూసుకోండి, టక్కుటక్కు వినపడదు. పట్టాలను వెల్డింగ్ చేసి ఏకంగా పొడుగ్గా వేస్తున్నారు. అది మంచిదే. ప్రయాణం మెత్తగా ఉంటుంది, పట్టా తక్కువ అరుగుతుంది, అతుకులు విరిగే భయం తక్కువ. నేను ఇంజనీరుని, అతుకులు తిరిగి రావాలని కోరుకోను. కానీ సార్ లెక్క చేయడానికి నిజం లైను మీద చోటు లేకుండా పోయింది. ఆ లెక్క ఇప్పుడు బతికి ఉన్నది రెండే చోట్ల: మన జ్ఞాపకంలో, ఈ రూటులో.

ఈ లైను ఊరికే వదిలేయదగ్గది కూడా కాదు. వాడి నుంచి సికింద్రాబాదు దాకా నిజాం కాలంలో 1874లో మొదలయింది. మన బడికి యాభై, దానికి నూట యాభై దాటాయి. హైదరాబాదును బొంబాయి రైలుతో మొదట కలిపింది ఇదే. ఇప్పుడు దేశమంతా చెప్పుకుంటున్న కవచ్ రక్షణ వ్యవస్థను మొదట పరీక్షించిన లైన్లలో లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గం ఒకటి. 2022 మార్చిలో గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజన్‌లో కూర్చుని ఉండగా, ముందు నిలబడి ఉన్న ఇంకో ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలో బండి తనంతట తానే ఆగింది. మనం సైకిళ్ల మీద వెళ్లి చూసొచ్చిన పట్టాలే అవి, కొంచెం ముందుకు వెళ్లాలి అంతే.

ఇక నేను మీ దగ్గర చేయి చాపుతున్నది దేనికో చెబుతాను. డబ్బుకు కాదు, కోశాధికారి గారు కంగారు పడొద్దు. 1984 రూటు ఇంకా సగమే అయింది. దాన్ని పూర్తి చేసే సామాను మీ ఇళ్లలో ఉంది.

ఒకటి, ఫొటోలు. పెళ్లి ఆల్బంలో, లింగంపల్లి ప్లాట్‌ఫాం మీద పెళ్లివారు దిగిన ఫొటో ఒకటి ఉండొచ్చు. నాకు పెళ్లికొడుకు అక్కర్లేదు, ఆయన వెనకాల ఉన్న గోడ కావాలి. స్టేషన్ పేరు బోర్డు, నీళ్ల పంపు, బెంచీ, వేపచెట్టు, ఏది కనపడినా చాలు. ఫొటో ఇవ్వక్కర్లేదు, ఫోన్‌తో తీసి పంపండి. వెనకాల తేదీ రాసి ఉంటే ఆ వైపు కూడా తీయండి.

రెండు, పాత అట్ట టికెట్లు, టైంటేబుల్ పుస్తకాలు. మా మేనమామ ట్రంకు పెట్టెలో అడుగున పరిచిన కాగితం 1980ల నాటి టైంటేబుల్ పేజీ అని తెలిసిన రోజు నాకు పండగ.

మూడు, గుర్తులు. లింగంపల్లిలో అప్పుడు రెక్క సిగ్నలా, దీపం సిగ్నలా అని మా బ్యాచ్‌లో మూడు నెలలుగా గొడవ నడుస్తోంది. హఫీజ్‌పేట గేటు దగ్గర టీ కొట్టు ఎడమ వైపా, కుడి వైపా? గుట్ట ఎక్కితే రైలు పొగ కనపడేదని సీనియర్లు అంటారు. ఎక్కడ నిలబడితే కనపడేదో నాతో వచ్చి చూపించండి. మీకు తెలిసింది తప్పేమోనని సందేహించకండి. ఇద్దరు చెప్పింది కలిస్తే రాసుకుంటాను, కలవకపోతే మూడో మనిషిని వెతుకుతాను.

నా వైపు నుంచి మూడు మాటలు ఇస్తున్నాను. ఎవరు ఏది ఇచ్చినా వాళ్ల పేరు రూటు మొదటి పేజీలో ఉంటుంది. ఈ విషయంలో నేను ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి నమ్మండి. ఈ రూటు ఎప్పటికీ ఉచితం. మన బడి కంప్యూటర్ గదిలో దాన్ని పెడతాం. ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్లలు వాలు, వేగం, దూరం లెక్కలు దాని మీద చేస్తారు. దశాంశం ఎక్కడ పెట్టాలో వాళ్లకు నేనే చెబుతాను, నాకంటే అనుభవజ్ఞుడు దొరకడు.

ఈ పని ఎందుకు తొందర అంటే, గుట్టలు పోతే వ్యోమనౌక కొలతలు ఉన్నాయి. మనుషుల గుర్తులకు అలాంటి కొలత ఎవరూ తీయలేదు. తీగలు లేవని చెప్పిన మిత్రుడు, వాలు సరిచేసిన పెద్దాయన, చప్పుడు పట్టుకున్న సార్, వీళ్లలో ఎవరు లేకపోయినా నా రూటు అందంగానే ఉండేది, కానీ తప్పుగా ఉండేది. చూసేవాళ్లకు తెలిసేది కూడా కాదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత కంప్యూటర్ గదిలో లింగంపల్లి ప్యాసింజర్ బయల్దేరుతుంది. సార్ గార్డుగా వస్తానన్నారు. నేను వేగం మీటరు మీద కాగితం అంటిస్తాను. చేతి గడియారం ఉన్నవాళ్లు తెచ్చుకోండి. చక్రాలు విడివిడిగా లెక్కబెట్టే మిత్రుడు కూడా రావచ్చు, ఈసారి వాణ్ని కిటికీ పక్కన కూర్చోబెడతాం.